దిండు తిరగేసే మనిషి

సినిమాల సంగతిలో మా రూముకు నేనే పెద్ద. పోస్టరు చూసి కథ చెప్పేస్తానని నాకు పేరుండేది. ఆ పేరు పెట్టుకున్నది కూడా నేనే కాబట్టి ఎవరూ కాదనేవారు కాదు. అలాంటివాణ్ణి, ఒక ఆదివారం మధ్యాహ్నం రూములో నలుగురిని వెంటేసుకుని, ప్రేమకథ అని నమ్మించి, ఒక పిచ్చివాడి సినిమాకు తీసుకెళ్ళాను. తప్పు నాది కాదు, పోస్టరుది. దాని మీద ఒక కిటికీలో అబ్బాయి, ఎదుటి కిటికీలో తల ఆరబెట్టుకుంటున్న అమ్మాయి. ప్రేమ కాకపోతే ఇంకేమనుకుంటాడు ఎవడైనా?

ఆ సినిమా చూసొచ్చి ఒక మనిషికి నేను చేసిన పని చెప్పాలంటే ముందు మా మంచం సంగతి చెప్పాలి.

సూరత్‌లో, లింబాయత్‌లో మా రూము. మనుషులం ఆరుగురం, మంచాలు మూడు. లెక్క సరిగానే ఉంది. అందరం సాంచెల మీద పనిచేసేవాళ్ళం. సాంచెలంటే కరెంటు మగ్గాలు. అవి ఉండే షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు, షిఫ్టును పాలీ అంటారు. పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు దాకా ఒక పాలీ, రాత్రి ఏడు నుంచి మళ్ళీ పొద్దున ఏడు దాకా ఇంకోటి. పగటి పాలీవాడు లేచిపోయిన మంచం మీద రాత్రి పాలీవాడు వచ్చి పడుకుంటాడు. సేఠ్ మగ్గాలు ఆగకూడదు, రూము కిరాయికిచ్చిన మేస్త్రీ మంచాలు ఖాళీగా ఉండకూడదు. రెండూ ఒకటే సూత్రం.

నాది రాత్రి పాలీ. నా మంచంలో పగటి భాగం నాది, రాత్రి భాగం ఇంకొకాయనది. మా ఖాతాలో పాలీలు మార్చరు కాబట్టి ఆయన ఎప్పటికీ పగటాయన, నేను ఎప్పటికీ రాత్రోణ్ణి. నేను నడిపే ఎనిమిది సాంచెలే పగలు ఆయన నడుపుతాడు. అలాంటివాణ్ణి జోడీదారు అంటారు. మూడేళ్ళు ఒకే మంచం, ఒకే సాంచెలు, ఒకే దిండు. పెళ్ళి చేసుకున్న మనిషితో కూడా ఇంత పంచుకోలేదు నేను. కానీ ఆయన గొంతు ఎట్లుంటుందో నాకు తెలియదు.

ఇందులో వింతేం లేదు. మేం కలిసేది పొద్దునొకసారి, సాయంత్రమొకసారి, సాంచెల పక్కన. అక్కడ చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని చేతులతో మాట్లాడుకుంటాం. మూడు వేళ్ళు చూపించి చిటికె వేస్తే మూడో సాంచెలో పోగులు తెగుతున్నాయని. రెండు అరచేతులు తెరిస్తే అంతా బాగుందని. పొద్దున నేను అన్నీ అప్పజెప్పాక ఆయన రెండు చేతులూ జోడించి చెంప కింద పెట్టుకునేవాడు. పోయి పడుకో అని. ఆదివారం పొద్దున నేను రూముకు వచ్చేసరికే ఆయన ఎటో వెళ్ళిపోయేవాడు, రాత్రికి వచ్చి డాబా మీద పడుకునేవాడు. మెట్ల మీద ఎదురుపడినా ఇద్దరం అలవాటుకొద్దీ చేతులే ఊపుకునేవాళ్ళం.

సినిమాకు వద్దాం. హీరో పెద్ద ఊళ్ళో ఇరవై రెండో అంతస్తులో ఒక్కడే ఉంటాడు. హాలు, రెండు పడక గదులు, వంటిల్లు, అద్దంలా మెరిసే స్నానాల గది. అంత ఇంట్లో నిలబడి, నాకెవరూ లేరు, నేను అకేలా అని ఏడుస్తాడు. మా రూములో పెద్ద వయసాయన ఒకాయన ఉన్నాడు, అందరం మామ అంటాం. ఆయన సినిమా చూడ్డం మానేసి ఆ ఇల్లు కొలవడం మొదలుపెట్టాడు.

"గా హాల్ల ఎనిమిది మంచాలు పడ్తయి. రూముకు నాలుగు. వంటింట్ల ఇద్దరు కిందనే పండుకోవచ్చు. రెండు పాలీలకు ముప్పై ఆరు మంది. వాడొక్కడే ఉంటె ఏడ్వడా మరి?"

"ఏడ్చేది గందుకు కాదు మామా, ఒంటరితనం," అన్నాను నేను, పెద్ద తెలిసినట్టు.

"లెట్రిన్ తలుపు కొట్టెటోడు లేడు. గదా ఒంటరితనం? గీ రోగం నాకెప్పుడొస్తదో," అని మామ విశ్రాంతి తర్వాత నిద్రపోయాడు.

నేను మాత్రం కన్నార్పకుండా చూశాను. హీరో ఎదుటి ఫ్లాటు అమ్మాయికి తెలియకుండా ఆమె పనులు చేసి పెడుతుంటాడు. పాడైన కాలింగ్ బెల్లు బాగుచేస్తాడు, మొక్కలకు నీళ్ళు పోస్తాడు, వానొస్తే గుమ్మం దగ్గర గొడుగు పెడతాడు. ఎవరో దేవుడిలాంటి మనిషి అనుకుంటుంది ఆమె. తీరా చూస్తే వాడి దగ్గర ఆమె ఇంటి తాళంచెవి ఉంటుంది. ఆమె లేనప్పుడు వెళ్ళి ఆమె మంచం మీద పడుకుని, దిండు వాసన చూసి, మళ్ళీ నలగనట్టు సర్ది వస్తాడు. తన ఇంట్లో రెండు కంచాలు పెట్టి, రెండింట్లో వడ్డించి, రెండూ తనే తింటాడు. ఆఖరికి పోలీసులు బీరువాలోంచి బయటికి లాగితే, నేనేమీ తీసుకోలేదు, అన్నీ సర్దాను అంటాడు.

అతి వినయం ధూర్త లక్షణం అని మా సారు బడిలో చెప్పింది గుర్తొచ్చింది. అడగకుండా మంచి చేసేవాణ్ణి నమ్మకూడదు. మూడు గంటల సినిమా నుంచి నేను నేర్చుకున్న నీతి ఇది.

సోమవారం రాత్రి పాలీ చేసి మంగళవారం పొద్దున రూముకొచ్చాను. మంచం మీద వాలి దిండు మీద తల పెట్టాను. చల్లగా ఉంది. ఒక్కసారిగా లేచి కూర్చున్నాను. సూరత్ ఉక్కపోతలో ఒక మనిషి రాత్రంతా పడుకుని లేచిన దిండు చల్లగా ఎందుకుంటుంది? తిరగేసి చూశాను. అవతలి వైపు చెమటకు తడిసి ఉంది. అంటే ఆయన లేచాక, దిండు తిరగేసి, పొడి వైపు నాకు పెట్టి పోయాడు.

మూడేళ్ళుగా అలాగే ఉండి ఉంటుంది. నేను చూసింది ఆ రోజు.

చూడ్డం మొదలుపెట్టాక కనపడనిదంటూ లేదు. పొద్దుటెండ నా కళ్ళ మీద పడే కిటికీకి గోనె సంచి కట్టి ఉంది. నేను కట్టలేదు. తడిగుడ్డ చుట్టిన నీళ్ళ సీసా మంచం కోడు పక్కన ఉంది. దండెం మీద నా చొక్కాకు ఊడిపోయిన రెండో గుండీ కుట్టి ఉంది. సినిమాలో ఆ అమ్మాయి కూడా ఇట్లాగే సంతోషపడి చచ్చింది కదా అనుకున్నాను. నిజానికి సినిమాలో ఆమె చావలేదు. కానీ భయంలో ఉన్నవాడికి అంత వివరం గుర్తుండదు.

అనుమానం పెనుభూతం అంటారు. నాది ఇంకొంచెం చదువుకున్న భూతం. పరీక్ష పెట్టాలనుకున్నాను. మా రూములో సబ్బు, నూనె, చెప్పులు, చార్జరు, జ్వరం అన్నీ అందరివీ. ఒక్క పెట్టె మాత్రం ఎవడిది వాడిదే. ఎవడి రేకు పెట్టెలో ఏముందో ఇంకొకడు అడగడు, తాళం లేకపోయినా మూత ఎత్తడు. పెట్టె ముట్టాడన్న మాట ఒక్కసారి పడిందంటే ఆ మనిషికి రూములో చోటుండదు, మనవాళ్ళు నడిపే ఏ ఖాతాలోనూ పని దొరకదు. నా పెట్టె గొళ్ళేనికి, కొక్కేనికి కలిపి ఒక తెల్ల దారం కట్టాను. ముడి వేశాను. ముడి అంటే మామూలు ముడి కాదు. తెగిన పోగులకు రోజుకు కొన్ని వందల సార్లు వేసే ముడి, ఎవడి వేళ్ళ తీరు వాడిది. నాది ఎడమకు తిరుగుతుంది. చీకట్లో తడిమినా నా ముడి నేను గుర్తుపడతాను.

మూడు రోజులు ఏమీ కాలేదు. నాలుగో రోజు పొద్దున దారం ఉంది, ముడీ ఉంది. కానీ ముడి కుడికి తిరిగి ఉంది.

పెట్టె తెరిచి చూశాను. రెండు జతల బట్టలు, ఆధార్ కార్డు, మా ఆవిడ ఫోటో, ఊరి నుంచి తెచ్చిన మామిడి తొక్కు డబ్బా. ఒక్కటీ పోలేదు. అందుకే నాకు ఇంకా భయమేసింది. నేనేమీ తీసుకోలేదు, అన్నీ సర్దాను. బీరువాలోంచి ఆ హీరో అన్న మాట చెవుల్లో మోగింది.

ఆ మధ్యాహ్నమే మేస్త్రీని టీ బండి దగ్గర పట్టుకున్నాను. మమ్మల్నందరినీ ఊళ్ళ నుంచి తెచ్చి పనిలో పెట్టింది ఆయనే, మా బాగోగులు చూసేదీ ఆయనే.

"నా జోడీదారును మార్చాలె అన్నా," అన్నాను.

"ఏమైంది? సాంచెలు ఖరాబు చేస్తుండా?"

"సాంచెలు మంచిగనే నడుపుతడు."

"తాగొచ్చి లొల్లి చేస్తుండా?"

"లేదు. దిండు తిరగేస్తుండు."

మేస్త్రీ టీ కప్పు దించి నన్ను చూశాడు. "ఏందీ?"

"పొద్దుగాల లేచినంక దిండు తిరగేసి పోతుండు. అంగికి గుండీ కుట్టిండు. కిటికీకి గోనె కట్టిండు. నేనేమన్న అడిగిన్నా? నువ్వే చెప్పు."

"నీకు దెయ్యం పట్టిందా తమ్మీ? నా పెండ్లాం గూడ నాకు గుండీ కుట్టది."

ఇక లాభం లేదని, "పెట్టె తెరిచిండు," అన్నాను.

మేస్త్రీ ముఖం మారింది. లేచి నన్ను పక్కకు తీసుకెళ్ళాడు. "పెట్టె ముట్టిండా? సూసుకోని మాట్లాడు. గీ మాట బయటికొస్తే గాయన బతుకు ఖరాబైతది. ఏమన్న పోయిందా?"

"ఏం పోలేదు. ఎవలకు చెప్పకు. ఊకె జర దూరం పంపియ్యి, చాలు."

ఎంత దయగల మనిషినో అనిపించింది నాకే. ఇంటికి పంపించేయ్ అనగలిగి కూడా అనలేదు కదా. మూడో రోజుకల్లా పగటాయన్ని ఊరి బయట కడోదరాలో సేఠ్‌కున్న ఇంకో ఖాతాకు పంపారు. వెళ్ళే రోజు పొద్దున సాంచెల దగ్గర ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, చాలాసేపు ఉంచాడు. నాకు చెమటలు పట్టాయి. తర్వాత ఎప్పట్లాగే రెండు చేతులు చెంప కింద పెట్టుకుని చూపించాడు. నేను తల తిప్పుకున్నాను.

కొత్త జోడీదారు వచ్చాడు. పాతికేళ్ళవాడు, చిన్నప్పటి నుంచి సూరత్‌లో పెరిగినవాడు, తెలుగులో మొదలుపెట్టిన మాటను హిందీలో నడిపించి గుజరాతీలో ముగించేవాడు. మంచివాడే. నా పెట్టె వైపు కన్నెత్తి చూడలేదు, దిండు వైపు కూడా చూడలేదు. మొదటి పొద్దున దిండు మీద తల పెడితే తడి గుడ్డ మీద పెట్టినట్టుంది. తిరగేద్దామంటే రెండో వైపూ తడే. గోనె ఊడి కింద పడింది. ఎండ కళ్ళలో పొడిచింది. మళ్ళీ కడదామనుకుని బద్ధకించాను. సీసాలో నీళ్ళు లేవు. ఇదే కదా నేను కోరుకున్నది, ఎవరి గోలా లేదు, హాయిగా పడుకో అనుకున్నాను. నిద్ర రాలేదు.

వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. పొద్దున పాలీ అప్పజెప్పేటప్పుడు కొత్తవాడు ఫోను చూసుకుంటూ తలూపేవాడు. ఎవరూ నన్ను పోయి పడుకోమనేవారు కాదు. నాకు నలభై ఏళ్ళున్నాయి, ఇద్దరు పిల్లలున్నారు, పోయి పడుకో అనేవాడు లేడని ఖాతా గేటు దగ్గర నిలబడి దిగులు పడ్డాను. ఈ మాట అప్పుడు ఎవరికీ చెప్పలేదు. మామకు చెబితే హాల్లో ఎన్ని మంచాలు పడతాయో లెక్కగట్టేవాడు.

నెల తిరిగాక ఒక ఆదివారం షేర్ ఆటో ఎక్కి కడోదరా వెళ్ళాను. ఎందుకొచ్చావని అడిగితే ఏం చెప్పాలో దారి పొడుగునా ఆలోచించాను. ఆయన అడగలేదు. ఖాతా వెనకాల కొత్తగా కట్టిన గదుల్లో ఒక దాంట్లో మంచం మీద కూర్చుని అంగీ కుట్టుకుంటున్నాడు. అక్కడ ఒక్కో పాలీకి వేరే గదులు, మనిషికో మంచం.

"ఏందే తమ్మీ, గింత దూరమొచ్చినవు," అన్నాడు.

సన్నటి గొంతు. మూడేళ్ళుగా నా ఊహలో ఆయనకు బొంగురు గొంతు ఉండేది. సినిమా చూశాక అది ఇంకా బొంగురు పోయింది. ఈ గొంతుతో ఎవరూ ఎవర్నీ భయపెట్టలేరు.

"నీ మేలు మర్చిపోను తమ్మీ," అన్నాడు చాయ్ తెప్పించి. "మేస్త్రీ చెప్పిండు. నా జోడీదారుకు మంచి సాంచెలియ్యి, మంచి జాగ ఇయ్యి అని నువ్వే అడిగినవట గద."

మేస్త్రీ అట్లా చెప్పి పంపాడన్నమాట. నేను చాయ్ గ్లాసులోకి చూస్తూ ఊ అన్నాను. ఇంతకంటే తిట్టినా బాగుండేది.

"ఇక్కడ మంచిగనే ఉంది," అన్నాడు ఆయన. "మంచమంతా నాదే. నిద్రనే వస్తలేదు. పొద్దుగాల లేచినంక దిండు తిరగేస్త, మల్ల రాత్రికి నేనే పండాలె గద అని నవ్వొస్తది."

"ఆదివారాలు ఎటు పోతుంటివే?" అని అడిగాను.

"ఎటు పోత? ఉధనా స్టేషన్‌ల కూసుంటుంటి. నేను రూంల ఉంటె నువ్వు లేచి జాగ ఇస్తవని."

అప్పుడిక ఆగలేక, మెల్లగా, నా పెట్టెకు ఉండే దారం సంగతి ఎత్తాను.

"అరె, నేనే మర్చిపోయిన," అన్నాడు. "కింద ఊడుద్దమని పెట్టె జరిపిన, దారం తెగింది. ఏం మొక్కు కట్టినవో ఏమో, తెగితే మంచిగుండదని మల్ల ముడేసిన. తెగిన పోగు కండ్ల పడితే చెయ్యి ఊకుంటదా?"

ఊకోదు. అది నాకు తెలియాలి. పదిహేనేళ్ళ నుంచి అదే పని నాది. బస్సులో ఎదుటివాడి చొక్కాకు దారం వేలాడుతుంటే నా చెయ్యి దానంతటదే పోతుంది. సినిమా చూసి మనుషుల మనసులు చదివేశాననుకున్నాను గానీ, నా రెండు చేతుల సంగతే నాకు గుర్తు రాలేదు. ఇప్పుడు గుర్తొచ్చి ఏం లాభం, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. నిజం చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. ఆయన నా మేలు ఇంకోసారి తలుచుకున్నాడు. మూసుకున్నాను. ఆ పిరికితనానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

బయల్దేరేటప్పుడు ఆటో దాకా వచ్చాడు. ఆటో మోతలో మాట వినపడక, చేతులు చెంప కింద పెట్టుకుని, కనుబొమ్మలు ఎగరేసి అడిగాడు. మంచిగా పడుకుంటున్నావా అని. నేను రెండు అరచేతులూ తెరిచి చూపించాను. అంతా బాగుందని.

మర్నాటి నుంచి, పాలీకి బయల్దేరేముందు నేను దిండు తిరగేసి పెట్టడం మొదలుపెట్టాను. గోనె మళ్ళీ కట్టాను. సీసా నింపి తడిగుడ్డ చుట్టి పెట్టాను. కొత్తవాడి చొక్కాకు గుండీలు సరిగానే ఉండేవి కాబట్టి కాలరు పిగిలితే కుట్టాను. ఒకరికి ఎగ్గొట్టింది ఇంకొకరికి తీర్చుకుంటున్నానని ఏదో తృప్తి. వారం తిరిగాక పొద్దున సాంచెల దగ్గర కొత్తవాడు నన్ను అదోలా చూశాడు. వాడు ఫోనులో ఏ సినిమాలు చూస్తాడో నేను అడగలేదు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నిద్ర లేచి గది ఊడుస్తున్నాను. మంచం కింద వాడి పెట్టె జరిపాను. పుటుక్కుమని చిన్న చప్పుడైంది. వంగి చూస్తే గొళ్ళేనికి, కొక్కేనికి మధ్య ఒక నల్ల దారం, రెండు ముక్కలై వేలాడుతోంది.

చీపురు పక్కన పెట్టి కింద కూర్చున్నాను. అట్లాగే వదిలేస్తే దొంగనవుతాను, ముడి వేస్తే ఇంకా పెద్ద దొంగనవుతాను. ఈ ఆలోచన పూర్తయ్యేసరికే వేళ్ళు ముడి వేసేశాయి. ఎడమకు తిరిగిన ముడి.

మూడో రోజు మేస్త్రీ నన్ను టీ బండి దగ్గరికి పిలిచాడు.

"ఏం జేసినవు?" అన్నాడు.

"దిండు తిరగేసిన."

ఆయన నవ్వలేదు. తల పట్టుకున్నాడు. "కడోదరల జాగ లేదు," అన్నాడు. "కిమ్‌ల ఇంకో ఖాతా ఉంది, పోతవా?"

ఇప్పుడు నేను కిమ్‌లో ఉన్నాను. ఇక్కడా రాత్రి పాలీయే, కానీ మనిషికో గది, మనిషికో మంచం. లెట్రిన్ తలుపు కూడా ఎవరూ కొట్టరు. పగటాయన నంబరు నా దగ్గర ఉంది. ఆయనది మీటలు నొక్కే పాత ఫోను, చేతులు కనపడవు, ఇద్దరికీ రెండు మాటలయ్యాక ఏం మాట్లాడాలో తెలియదు.

రోజూ సాయంత్రం పాలీకి బయల్దేరేముందు కిటికీకి గోనె కడతాను, సీసాకు తడిగుడ్డ చుడతాను, దిండు తిరగేసి పెడతాను. పొద్దున వచ్చి దాని మీద పడుకునేది కూడా నేనే.